రాకెట్ హుండీకి కొత్త రంగు వేయించవచ్చా?

కావలి_మనవరాలు:
మా తాతయ్య ఎప్పుడో మద్రాసు మూర్ మార్కెట్లో కొన్న హుండీ అటక మీద దొరికింది. రాకెట్ మీద బిళ్ళ పెట్టి మీట వదిలితే ఎగిరి చందమామలో పడాలి. ఇప్పుడు స్ప్రింగు పట్టేసింది. దాని మీద స్ట్రాటో, డ్యూరో, డెట్రాయిట్ అని ఉంది. వెండి రంగు అక్కడక్కడా పోయింది, సందుల్లో తెల్లపొడి. కార్లకు రంగులేసే షాపులో ఇద్దామంటున్నారు మా ఆయన. ముందు చింతపండుతో తోమనా?

నెల్లూరు_రేకుబొమ్మలు:
చింతపండు జోలికి పోవద్దమ్మా! ఇత్తడి బిందెను మెరిపించే పులుపే జింకును తినేస్తుంది. మీది జింకు మిశ్రమం కరిగించి అచ్చులో పోసింది. అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకోదు. జపాన్ రేకు బొమ్మకైతే చటుక్కున అంటుకుంటుంది. ఆ తెల్లపొడి జింకుకు పట్టిన తుప్పు, మన సముద్రపు గాలికి ఇంకా తొందరగా వస్తుంది. మెత్తటి కుంచెతో పొడిగా దులపండి, అంతే. స్ప్రింగుకు కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క పుల్లతో అంటించి రాత్రంతా వదిలేయండి. బలం పెడితే మీట విరుగుతుంది.

రంగు మాత్రం వద్దే వద్దు. స్ట్రాటో అనేది ఆ హుండీ పేరు, డ్యూరో దాన్ని చేసిన అమెరికాలోని డెట్రాయిట్ కంపెనీ. ఇట్లాంటివి 1950లలో అమెరికా బ్యాంకులు పిల్లల చేత ఖాతా తెరిపించి చేతికిచ్చేవి. గగారిన్ అంతరిక్షానికి పోయింది 1961లో, మన శ్రీహరికోటలో తొలి రాకెట్ లేచింది 1971 అక్టోబరు 9న. అంతకుముందే ఎవరో పిల్లకాయ బిళ్ళను చంద్రుడి మీదికి పంపాడు! వాళ్ళ వేళ్ళు ఆని ఆనే కదా ఆ వెండి రంగు అరిగింది. దాన్ని స్ప్రే కింద పూడ్చేస్తే ఇంకేం మిగిలిందని?

ఒంగోలు_నాణేలు:
అన్న చెప్పినట్టే చేయండి. ఆడించాలంటే పాత నికెల్ 50 పైసల బిళ్ళ వాడండి. అది 24 మి.మీ., అమెరికా క్వార్టర్ (పావు డాలరు బిళ్ళ) కూడా దాదాపు అంతే. అడుగు మూతకు తాళంచెవి లేకపోతే స్క్రూడ్రైవర్‌తో పెళ్ళగించొద్దు.

కావలి_మనవరాలు:
చెవి లేదండీ, ఊపితే లోపల గలగలమంటోంది. నూనె వేశాక మీట కాస్త కదిలింది. రాకెట్ ముక్కు దగ్గర సన్నటి పగుళ్ళున్నాయి, అవీ తుప్పేనా?

నెల్లూరు_రేకుబొమ్మలు:
అయ్యో. జింకులో సీసం లాంటివి కలిసిపోతే లోపల్నుంచే అట్లా పగులుతుంది, తేమ తగిలితే పెరుగుతుంది. అదే అయితే నయం కాదు. ఇక బిళ్ళ ఎగరేయకండి. తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం వేసి గాజుపెట్టెలో ఉంచండి. ముక్కు దగ్గరది ఒక ఫొటో పెట్టమ్మా, చూసి చెప్తా.