సిరోంచ వైపు లంటానా కంపలో మందుపాతరల గాలింపు: మోళ్ల సంగతి ఏం చేస్తున్నారు?

గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకాలో ఒక పాత బండ్లబాట. పేలని మందుపాతరలు ఉన్నాయన్న అనుమానంతో మూసేశారు. పోలీసు అనుమతితో, బాంబు నిర్వీర్యంలో శిక్షణ ఉన్నవాళ్లే దిగుతారు కాబట్టి "వెళ్లకండి" అనే జవాబులు వద్దు.

పద్ధతి తెలిసిందే. మీటరు వెడల్పు దారి, ముందు, తగిలితే మందుపాతరను పేల్చే సన్నటి తీగల కోసం వెతుకులాట, తర్వాత పొడుగుపిడి కత్తెరతో పైనుంచి కిందికి జానెడు చొప్పున కోత. కొమ్మ పట్టి లాగకూడదు. లంటానా ఒకదాన్లో ఒకటి అల్లుకుని ఉంటుంది, ఇక్కడ లాగితే రెండు గజాల అవతల కదులుతుంది. కోసిన ముక్కలు చూసేసిన దారి వెంటే వెనక్కి.

చిక్కంతా మొదళ్ల దగ్గరే. నాలుగు వేళ్ల ఎత్తు మోడు మిగిలినా మెటల్ డిటెక్టర్ తలను నేలకు దగ్గరగా తిప్పలేం, లోతు అందదు. పీకితే మట్టి కదులుతుంది. పైగా మొరం నేల, అందులోని ఇనుముకు డిటెక్టర్ ఊరికే కూస్తుంది. గ్లైఫోసేట్ కలుపుమందు కొడితే ఆకు రాలుతుంది గానీ ఎండుకంప అలాగే నిలబడుతుంది. తగలబెట్టడం లెక్కలోనే లేదు: వేడికి పేలొచ్చు, పేలకపోతే మరింత సున్నితంగా మారొచ్చు. (మేకల్ని తోలమనే పెద్దమనుషులకు: లంటానా మేకకు విషం, మందుపాతరకు గిట్ట బరువు కూడా చాలొచ్చు.)

మట్టి తాకకుండా మోళ్లను నేలమట్టానికి కోయడానికి ఏ పనిముట్టు వాడారు? దూరం నుంచి నడిపే, గొలుసులతో నేలను బాదే యంత్రం వాడినవాళ్లుంటే, నేల ఎంత లోతు కదిలింది? విరిగిపడ్డ ఇనుప ముక్కలు తర్వాతి గాలింపును ఎంత చెడగొట్టాయి? తొలకరి పడితే మోళ్లు మళ్లీ చిగురిస్తాయి, ఆలోపే కోత అయిపోవాలి.