పోస్ట్‌ఫిక్స్ లుకప్‌లకు మెమ్‌క్యాష్‌డీ పెట్టాలంటే ఎట్ల? హాల్ టికెట్ల రోజు మెయిల్స్ ఆగిపోతాండాయి

అనంతపురం ల్యాబ్:

అందరికీ నమస్కారం. అనంతపురంలో ఒక ప్రైవేట్ ఇంజనీరింగ్ కాలేజీలో సిస్టమ్ అడ్మిన్‌గా చేస్తాండా, మెయిల్ సర్వర్, ల్యాబులు, వైఫై అన్నీ నా మీదే. డెబియన్ 12, దాని మీద మెయిల్ తీసుకోని పంపే పోస్ట్‌ఫిక్స్, మెయిల్‌బాక్సులు చూసే డవ్‌కాట్, డేటాబేస్‌కు మరియాడీబీ, అన్నీ ఒకే వర్చువల్ మెషీన్లో, 8 జీబీ ర్యామ్. పిల్లోళ్లు, స్టాఫ్ కలిపి మూడు వేల పైన మెయిల్‌బాక్సులు ఉండాయి. డొమైన్లు, మెయిల్‌బాక్సులు, అలియాసులు (ఈ అడ్రస్‌కు వచ్చింది ఎవరెవరికి పోవాల అనేవి), ఎవరు ఏ అడ్రస్ పేరుతో పంపొచ్చు అనే లిస్టు, ఈ నాలుగూ డేటాబేస్‌లో టేబుళ్లుగా పెట్టి పోస్ట్‌ఫిక్స్‌కు మైఎస్‌క్యూఎల్ మ్యాపులుగా, అంటే అది అడ్రస్ వెతుక్కునే పట్టికలుగా ఇచ్చినా.

మామూలు రోజుల్లో ఏ ఇబ్బందీ లేదు. పరీక్షల ముందర ఎగ్జామ్ సెక్షన్ వాళ్లు ఒక్కో స్టూడెంట్‌కు వాళ్ల హాల్ టికెట్ పీడీఎఫ్ వేరేగా పంపుతారు, వాళ్ల సాఫ్ట్‌వేర్ ఒకేసారి ఎన్నో కనెక్షన్లు తెరిచి తోస్తాది, అంతే, రెండు నిమిషాలకు లాగ్ నిండా 451 ఎర్రర్, టెంపరరీ లుకప్ ఫెయిల్యూర్ అని. ఆ టైంలోనే బయట నుంచి స్పామోళ్లు లేని అడ్రసులకు కొడతా ఉంటారు, అది కూడా కలిసి ఇంకా ఎక్కువైతాది. పోయినసారి రేత్రి పదకొండు దాకా పిల్లోళ్లు ఫోన్లు చేస్తానే ఉండిరి, పొద్దున పరీక్ష పెట్టుకోని హాల్ టికెట్ రాకపోతే వాళ్ల పరిస్థితి ఎట్లుంటాదో మీకు చెప్పాల్సిన పని లేదు.

కాలేజీ వెబ్‌సైట్ కోసం అదే మెషీన్లో మెమ్‌క్యాష్‌డీ (జవాబులను మెమొరీలో దాచి పెట్టే క్యాష్ సర్వర్) ఎప్పుడో పెట్టినారు, 11211 పోర్టులో నడుస్తాంది. పోస్ట్‌ఫిక్స్‌కు కూడా మెమ్‌క్యాష్ మ్యాప్ అని ఒకటి ఉందని చదివినా, పోస్ట్‌కాన్ఫ్ హైఫన్ ఎమ్ కొడితే ఆ పేరు లిస్టులో కనపడతాంది కూడా. నాలుగు టేబుళ్లనూ దాని వెనకాల పెడితే డేటాబేస్ మీద బరువు తగ్గుతాదా? ఎవరన్నా చేసినోళ్లు ఉంటే రొంత వివరంగా చెప్పండి, వచ్చే వారం మళ్ల హాల్ టికెట్లు ఉండాయి.

కడప సర్వర్ అక్క:

తమ్ముడూ, మెమ్‌క్యాష్‌డీ సంగతి తర్వాత చూద్దాం, ముందు నీ రోగం యాడుందో చూడాల. నువ్వు రాసింది చదివితే డేటాబేస్ నిదానంగా జవాబు ఇచ్చే సమస్య అనిపించలేదు నాకు, దాని కాడికి పోయేదానికి దోవ లేకపోవడం అనిపిస్తాంది. లెక్క చూడు. పోస్ట్‌ఫిక్స్‌లో డిఫాల్ట్ ప్రాసెస్ లిమిట్ 100, అంటే మెయిల్ తీసుకునే ఎస్ఎంటీపీడీ ప్రాసెస్‌లు ఒకేసారి వంద లేస్తాయి. ప్రతి ప్రాసెస్ ప్రతి మ్యాపుకూ తన సొంత కనెక్షన్ తెరుచుకుంటాది. అలియాస్ ఒకటి, మెయిల్‌బాక్స్ ఒకటి, పంపేవాళ్ల లాగిన్ ఒకటి, మూడు అనుకున్నా 300. తీసుకున్న మెయిల్‌ను క్యూలో పెట్టే క్లీనప్ ప్రాసెస్‌లు అలియాసుల కోసం మళ్ల వేరేగా పోతాయి. మరియాడీబీలో మ్యాక్స్ కనెక్షన్స్ ఎవరూ మార్చకపోతే 151. ఇంక చాలేదెట్ల? ఊర్లో ఒక్క బావి ఉంటే ప్రతి ఇంటోళ్లూ తాడూ బిందె పట్టుకోని గట్టెక్కినట్లు, నీళ్లు ఉండాయి గానీ నిలబడేదానికి చోటు లేదు.

మరియాడీబీలోకి పోయి మ్యాక్స్ యూజ్డ్ కనెక్షన్స్ అనే స్టేటస్ ఎంతుందో చూడు, 151 దగ్గరికి పోయుంటే నేను చెప్పేదే కారణం.

దీనికి మందు పోస్ట్‌ఫిక్స్‌లోనే ఉంది, ప్రాక్సీమ్యాప్. సెట్టింగులు ఉండే మెయిన్ డాట్ సీఎఫ్‌లో మైఎస్‌క్యూఎల్ అని ఉన్న ప్రతి మ్యాపు ముందరా ప్రాక్సీ, కోలన్ తగిలించి పోస్ట్‌ఫిక్స్ రీలోడ్ చెయ్యి. అప్పుడు వంద ఎస్ఎంటీపీడీలూ డేటాబేస్ కాడికి పోవు, కొన్ని ప్రాక్సీమ్యాప్ ప్రాసెస్‌లు అందరి తరఫునా అడిగి తెచ్చిస్తాయి. ఇంకో లాభం, డెబియన్లో ఎస్ఎంటీపీడీ క్రూట్ లోపల, అంటే ఒక్క ఫోల్డర్ దాటి బయటికి చూడలేకుండా నడుస్తాది కాబట్టి డేటాబేస్ సాకెట్ దానికి కనపడదు, ప్రాక్సీమ్యాప్ క్రూట్ బయట ఉంటాది కాబట్టి ఆ బాధ కూడా పోతాది.

ఇంక నువ్వు అడిగిన మెమ్‌క్యాష్‌డీ. నీ కాడ దాంతో ఎక్కువ ఒరిగేది లేదు, ఎందుకో చెప్తా, ఇది నిమ్మళంగా చదువు. పోస్ట్‌ఫిక్స్ ముందు మెమ్‌క్యాష్‌లో చూస్తాది, లేకపోతే బ్యాకప్ అని నువ్వు ఇచ్చిన డేటాబేస్‌లో చూస్తాది, అక్కడ దొరికితే మెమ్‌క్యాష్‌లో రాసి పెడతాది. దొరికితేనే! లేదు అనే జవాబు యాడా దాచుకోదు. నీ అలియాస్ టేబుల్లో ఎవరుంటారు? ప్రిన్సిపాల్, ఆఫీస్, డిపార్ట్‌మెంట్ హెడ్లు, మహా అయితే యాభై అడ్రసులు. మూడు వేల మంది పిల్లోళ్లకు అలియాస్ ఉండదు. ఒక పిల్లోడికి మెయిల్ వచ్చిన ప్రతిసారీ పోస్ట్‌ఫిక్స్ వాని పూర్తి అడ్రస్ అలియాసుల్లో వెతుకుతాది, లేదు, తర్వాత ఒట్టి డొమైన్ పేరుతో వెతుకుతాది, అదీ లేదు. రెండూ డేటాబేస్ దాకా పోయి వట్టి చేతుల్తో వచ్చే ప్రశ్నలే. స్పామోళ్లు కొట్టే దొంగ అడ్రసులు కూడా అంతే. అంటే నిన్ను బాధపెట్టే ప్రశ్నలకే క్యాష్ పనికిరాదు. పోస్ట్‌ఫిక్స్‌అడ్మిన్ (మెయిల్ టేబుళ్లను వెబ్ పేజీ నుంచి చూసుకునే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లకు ప్రతి మెయిల్‌బాక్స్‌కూ అలియాస్ టేబుల్లో ఒక లైన్ ఉంటాది కాబట్టి వాళ్ల కత వేరే, నువ్వు దాని పేరు ఎత్తలేదు.

ఖచ్చితంగా దొరికే జవాబులు ఉండేది మెయిల్‌బాక్స్ టేబుల్లో, దాన్ని మెమ్‌క్యాష్‌లో పెట్టొద్దని పోస్ట్‌ఫిక్స్ మాన్యువల్ చెప్తాంది. లోకల్ అలియాసులు, యూఐడీ, జీఐడీ మ్యాపులు, వర్చువల్ మెయిల్‌బాక్స్ మ్యాపులు, ఇవన్నీ ఏ ఫైల్లోకి రాయాల, ఏ యూజర్ పేరుతో రాయాల, ఏ కమాండ్ నడపాల అని చెప్పేవి. మెమ్‌క్యాష్‌డీలో ఎవరు మాట్లాడగలిగితే వాళ్లు రాయగలరు, పాస్‌వర్డ్ అనేది మామూలుగా ఉండదు. నీ కాడ కాలేజీ వెబ్‌సైట్ కూడా అదే మెమ్‌క్యాష్‌డీ వాడతాంది కదా, రేపు ఆ సైట్లో ఏదన్నా పాత ప్లగిన్ నుంచి ఎవడన్నా లోపలికి వచ్చినాడంటే ప్రిన్సిపాల్ అడ్రస్‌కు ఇంకో అలియాస్ రాసి ఆ మెయిల్స్ అన్నీ తన కాడికి తెప్పించుకోగలడు. ఆ ఒక్క కారణం చాలు నేను వద్దనేదానికి.

అనంతపురం ల్యాబ్:

అక్కా, మీరు చెప్పినట్లే చూసినా, మ్యాక్స్ యూజ్డ్ 152 అని ఉంది! 151 దాటి ఎట్ల పోయిందో అర్థం కాలేదు. నా అలియాసులు 43, పోస్ట్‌ఫిక్స్‌అడ్మిన్ వాడను, టేబుళ్లు నేనే రాసుకున్నా. లేదు అనే జవాబు దాచుకోదని యాడా చదవలేదు, ఇది ముందే తెలిసుంటే వారం దండగ కాకపోను.

కడప సర్వర్ అక్క:

ఆ ఒక్కటి అడ్మిన్ కోసం మరియాడీబీ విడిచిపెట్టే చోటు, అన్నీ నిండిపోయినా రూట్‌గా లోపలికి పోవడానికి. ఆ రోజు నువ్వు రూట్‌గా లాగిన్ అయ్యి చూసుంటావు, అదే 152.

ఇంకొకటి, నీ క్వెరీ ఎట్ల రాసినావు? యూజర్ కాలమ్, డొమైన్ కాలమ్ వేరేగా పెట్టి కాన్‌క్యాట్‌తో కలిపి పర్సెంట్ ఎస్‌తో (వెతికే పూర్తి అడ్రస్) పోలుస్తాంటే ఇండెక్స్ ఉన్నా పనికిరాదు, ప్రతిసారీ టేబుల్ మొత్తం చదువుతాది. యూజర్‌కు పర్సెంట్ యూ, డొమైన్‌కు పర్సెంట్ డీ వాడి రెండు కాలమ్‌లకూ కలిపి ఇండెక్స్ వెయ్యి. డొమైన్ల మ్యాపు ఒక్కటి విడిచి మిగతా మ్యాపు ఫైళ్లలో డొమైన్ అనే లైన్లో మీ కాలేజీ డొమైన్లు రాయి, అప్పుడు మీది కాని అడ్రస్‌లు డేటాబేస్ దాకా పోనే పోవు.

కర్నూలు మెయిల్ అన్న:

అక్క చెప్పింది అక్షరాలా నిజం. నేను కర్నూల్లో ఒక వ్యాపారస్తుల గ్రూపుకు మెయిల్ చూస్తా, మెమ్‌క్యాష్ మ్యాపు రెండేండ్లు నడిపినా, అందులో నేను పడిన గుంతలో ఇంకెవరూ పడకూడదని రాస్తాండా.

కీ ఫార్మాట్ అని ఒక సెట్టింగ్ ఉంది, ఏమీ ఇవ్వకపోతే వెతికే అడ్రసే కీ అయితాది. నేను అలియాస్ టేబుల్‌ను, లాగిన్ టేబుల్‌ను రెండింటినీ ఒకే మెమ్‌క్యాష్‌డీ వెనకాల పెట్టినా. రెండింటికీ కీ అదే, ఈమెయిల్ అడ్రస్. ఆఫీస్ అడ్రస్‌కు వచ్చిన మెయిల్ ముగ్గురు క్లర్కులకు పోవల్ల, అది అలియాస్ టేబుల్ చెప్పే జవాబు. ఆ అడ్రస్‌తో పంపే అధికారం ఒక్కరికే, అది లాగిన్ టేబుల్ చెప్పే జవాబు. పొద్దున్నే ఆ ఒక్కాయన మెయిల్ పంపగానే లాగిన్ జవాబు మెమ్‌క్యాష్‌లో కూర్చునింది, తర్వాత వచ్చిన మెయిల్స్‌కు పోస్ట్‌ఫిక్స్ అలియాస్ అడిగితే అదే జవాబు ఇచ్చింది. మెయిల్స్ అన్నీ ఆయన ఒక్కనికే పోయినాయి, మిగతా ఇద్దరికీ ఏమీ రాలేదు. ఎర్రర్ లేదు, బౌన్స్ లేదు, లాగ్ చూస్తే అంతా సెంట్ అనే ఉంది. టీటీఎల్ (జవాబు క్యాష్‌లో ఉండే కాలం) డిఫాల్ట్ 3600 సెకండ్లు కాబట్టి గంట తర్వాత ఒకసారి బాగైతాది, మళ్ల చెడతాది. నాలుగు రోజులు పట్టింది నాకు కనుక్కునేదానికి, ఆ నాలుగు రోజుల్లో ఒక టెండర్ మెయిల్ చూడాల్సిన మనిషి చూడలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది నాకు. కీ ఫార్మాట్‌లో ఒక్కో టేబుల్‌కు ఒక్కో పేరు ముందర పెట్టి, కోలన్, తర్వాత పర్సెంట్ ఎస్ అని రాసుంటే అసలు జరిగేదే కాదు.

ఇంకా తప్పకుండా చేయల్ల అనుకునేవాళ్లకు: బ్యాకప్ కింద ప్రాక్సీ పెట్టిన మైఎస్‌క్యూఎల్ మ్యాపు ఇస్తే, ఆ పేరు ప్రాక్సీతో సహా ప్రాక్సీ రీడ్ మ్యాప్స్‌లో మీరే రాయల్ల. మెయిన్ డాట్ సీఎఫ్‌లో కనపడే మ్యాపులను అది తనంతట తాను ఒప్పుకుంటాది, ఇది వేరే ఫైల్ లోపల దాగుంటాది కాబట్టి ఒప్పుకోదు. రాసేటప్పుడు పాత విలువ చెరిపేయొద్దు, పోస్ట్‌కాన్ఫ్ హైఫన్ డీతో డిఫాల్ట్ ఎంతుందో చూసి దాని చివర్లో కలపండి. టీటీఎల్ 300 పెట్టుకోండి, అలియాస్ తీసేసినాక గంట సేపు మెయిల్ పాత మనిషికే పోతా ఉంటే బాగుండదు. సైట్ వాడే మెమ్‌క్యాష్‌డీ కాకుండా వేరేగా ఇంకొకటి, పోర్టు లేకుండా యూనిక్స్ సాకెట్ మీద, పోస్ట్‌ఫిక్స్ యూజర్‌కు మాత్రమే అందేలాగ నడపండి. అంతా అయినాక పోస్ట్‌మ్యాప్ హైఫన్ క్యూతో ఒక అడ్రస్ అడిగి చూసి ఆ తర్వాతే రీలోడ్ చేయండి.

పోర్టు బయటికి తెరిచి ఉన్నోళ్లు ఈ రోజే మూయండి. 2018 ఫిబ్రవరిలో గిట్‌హబ్ మీద 1.35 టెరాబిట్ల దాడి జరిగింది ఇట్ల తెరిచి పెట్టిన మెమ్‌క్యాష్‌డీల యూడీపీ పోర్టు నుంచే, అదే నెల చివర్లో వచ్చిన 1.5.6 వెర్షన్ నుంచి యూడీపీని డిఫాల్ట్‌గా ఆపేసినారు.

ప్రొద్దుటూరు నెట్:

డవ్‌కాట్‌ను మర్చిపోయినారు అందరూ. మెయిల్ లోపల పెట్టేటప్పుడు, ఫోన్లు మెయిల్ చెక్ చేసేటప్పుడు అది కూడా అదే డేటాబేస్‌ను అడుగుతాది. డెబియన్ 12లో వచ్చే 2.3లో ఆథ్ క్యాష్ సైజ్ 0, అంటే క్యాష్ ఆపేసి ఉంటాది. దానికి 10 ఎమ్ ఇవ్వండి. ఇది లేదు అనే జవాబు కూడా గుర్తు పెట్టుకుంటాది, మెమొరీ దాని ప్రాసెస్ లోపలే కాబట్టి బయటోళ్లు రాసే భయం లేదు. పాస్‌వర్డ్ మారిస్తే ఎట్ల అని భయపడొద్దు, అంతకుముందు సరిగ్గా లాగిన్ అయిన మనిషి పాస్‌వర్డ్ ఇప్పుడు కుదరకపోతే అది మళ్ల డేటాబేస్‌ను అడుగుతాది. కొత్త మెయిల్‌బాక్స్ ఒక్కటే చూసుకోవాల, అది పుట్టకముందే ఎవరన్నా ట్రై చేసుంటే గంట సేపు లేదనే చెప్తాది, నెగటివ్ టీటీఎల్ తగ్గించుకోవచ్చు.

నన్ను అడిగితే 43 అలియాసులకు డేటాబేస్ ఎందుకు అంటా. టెక్స్ట్ ఫైల్లో రాసి పోస్ట్‌మ్యాప్‌తో హాష్ ఫైల్ చేసి పెట్టు, డేటాబేస్ పడిపోయినా అలియాసులు పని చేస్తాయి.

అనంతపురం ల్యాబ్:

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న హాల్ టికెట్లు పోయినాయి. చేసింది ఇది: మెయిల్‌బాక్స్, డొమైన్, లాగిన్ మూడింటికీ ప్రాక్సీ పెట్టినా, అలియాసులు హాష్ ఫైల్లోకి మార్చినా, క్వెరీలో అక్క అనుకున్నట్లే కాన్‌క్యాట్ ఉండింది, అది తీసి ఇండెక్స్ వేసినా, డవ్‌కాట్‌కు 10 ఎమ్ ఇచ్చినా. మెమ్‌క్యాష్‌డీ జోలికి పోలేదు. సాయంత్రం నాలుగుకు మొదలుపెట్టినారు, నేను లాగ్ ముందరే కూర్చున్నా, 451 ఒక్కటీ రాలేదు. కనెక్షన్లు 20 దాటలేదు. ఐదున్నరకంతా మూడు వేల టికెట్లూ చేరిపోయినాయి, ఒక్క ఫోన్ రాలేదు.

ఒకటి మిగిలింది అక్కా, హాష్ ఫైల్ మార్చినప్పుడంతా రీలోడ్ చేయల్లనా?

కడప సర్వర్ అక్క:

అవసరం లేదు, పోస్ట్‌మ్యాప్ కొడితే చాలు, ఫైల్ మారిందని ప్రాసెస్‌లే చూసుకోని కొత్తది తెరుస్తాయి. టెక్స్ట్ ఫైల్ మార్చి పోస్ట్‌మ్యాప్ కొట్టడం మర్చిపోవడమే ఎక్కువ జరుగుతాది, రెండూ ఒకే స్క్రిప్ట్‌లో పెట్టుకో. ఫైల్ మీద రాసే హక్కు రూట్‌కు తప్ప ఎవరికీ ఇవ్వొద్దు తమ్ముడూ.