ఎస్‌డీజీ సూచికలకు జిల్లా అంకెలు కావాలంటే ముందు ఏం సరిచేసుకోవాలి?

సూచికల_పట్టిక (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఐరాస సుస్థిర అభివృద్ధి లక్ష్యాలు (ఎస్‌డీజీలు) 17, వాటి కింద టార్గెట్లు 169, వాటిని కొలవడానికి 2020 సమీక్షలో ఖరారైన సూచికలు 231. చిన్న గణాంక శాఖకు ఈ లెక్క చూస్తేనే గుండె జారుతుంది. ఒక అభివృద్ధి చెందుతున్న దేశాన్ని తీసుకోండి. జనగణన జరిగి పదేళ్లు దాటింది. పెద్ద కుటుంబ సర్వే ఐదేళ్లకోసారి, అదీ బయటి నిధులతో. ఆరోగ్య కేంద్రాల్లో, బడుల్లో రిజిస్టర్లు ఉన్నాయి గానీ ఒకదాని అంకె ఇంకోదానితో కలవదు.

అడగదలచుకున్నవి రెండు. ముందు ఏ సూచికల మీద పని పెట్టాలి? ప్రణాళికా శాఖ జాతీయ సగటుతో ఊరుకోక జిల్లాల వారీగా అంకెలు అడిగితే సర్వే శాంపిల్ ఎంత పెంచాలి? ఐరాసకు పంపే నివేదికలో గడులు నింపడంతో ఆగకుండా, నిధులు ఎక్కడికి వెళ్లాలో తేల్చడానికి పనికొచ్చే అంకెలు కావాలి.

---

పునాది_గణన

231నీ ఒకేసారి తలకెత్తుకోవద్దండీ. పట్టికలో ఒక్కో సూచిక పక్కన నాలుగు గడులు గీయండి: ఈ అంకె మారితే ఎవరు ఏ నిర్ణయం మారుస్తారు, ఆ నిర్ణయం ఎన్నాళ్లకోసారి తీసుకుంటారు, అది దేశం స్థాయిలోనా జిల్లా స్థాయిలోనా, అంకె ఇప్పుడు ఏ శాఖ దగ్గర ఉంది. మొదటి గడి ఖాళీగా మిగిలిన సూచికలను తర్వాతి విడతకు నెట్టేయండి. ఉదాహరణకు టీకాల సూచిక 3.బి.1. దాన్ని బట్టి ఏ జిల్లాకు ఎన్ని డోసులు, ఎంతమంది సిబ్బంది వెళ్లాలో ఆరోగ్య శాఖ నెలనెలా తేల్చుకోవాలి. అంటే అది రికార్డుల నుంచి నెలనెలా రావాలి. ఐదేళ్లలోపు పిల్లల్లో గిడసబారినతనం, అంటే వయసుకు తగ్గ ఎత్తు లేకపోవడం (2.2.1), అంత త్వరగా మారదు. మూడేళ్లకోసారి సర్వేలో కొలిస్తే చాలు, ఏటా కొలిచి ఖర్చు పెంచుకోనక్కరలేదు.

పేదరికం దగ్గర చాలామంది పొరబడేది ఒకటుంది. 1.1.1 అంతర్జాతీయ పేదరిక రేఖతో లెక్కించేది, ప్రపంచ బ్యాంకు చూసుకుంటుంది. ఆ రేఖ 2017 కొనుగోలు శక్తి ధరల్లో (దేశాల మధ్య ధరల తేడాను సరిచేసిన డాలర్లలో) రోజుకు 2.15 డాలర్లుగా ఉండేది, 2025 జూన్‌లో 2021 ధరల మీద 3 డాలర్లయింది. ఒక్క ఇంటి పరిస్థితీ మారకుండానే పేదల సంఖ్య మారిపోయింది. బడ్జెట్ నిర్ణయాలకు 1.2.1, అంటే సొంత జాతీయ రేఖతో వచ్చే అంకెను వాడండి. ఆ రేఖను ధరల పెరుగుదలకు సరిచేయడం తప్ప మరోలా కదపకండి.

అసలు ముందుండాల్సినవి లక్ష్యాల జాబితాలో చిట్టచివర కనిపిస్తాయి. 17.19.2 రెండు విషయాలు అడుగుతుంది: గత పదేళ్లలో జనగణన జరిగిందా, జననాల నమోదు 100 శాతం, మరణాల నమోదు 80 శాతం అయ్యాయా. చివర ఉంది కదా అని దాన్ని లాంఛనంగా తీసుకుంటారు. తలసరి లెక్కలన్నిటికీ, వెయ్యికి ఇన్ని, లక్షకు ఇన్ని అనే రేట్లన్నిటికీ హారం అక్కడి నుంచే వస్తుంది.

స్థూల దేశీయోత్పత్తి కూడా హారమే. ఘనా 2010లో ఆధార సంవత్సరం, అంటే లెక్కకు పునాదిగా పెట్టుకునే ఏడాది, మార్చితే జీడీపీ దాదాపు 60 శాతం పెరిగింది. నైజీరియా 2014లో 1990 నుంచి 2010కి మార్చితే 89 శాతం. జీడీపీలో 15 శాతంగా ఉన్న ప్రభుత్వ రాబడి, హారం 60 శాతం పెరిగేసరికి 9.4 శాతానికి దిగుతుంది. వసూలైన సొమ్ములో పైసా తేడా లేదు. అందుకే ఆధార సంవత్సరాన్ని ఐదేళ్లకోసారి మార్చుకుంటూ పోవాలి. ఇరవై ఏళ్లు ఆపితే 17.1.1 (జీడీపీలో ప్రభుత్వ రాబడి వాటా) వంటి నిష్పత్తులన్నీ ఒక్క రోజులో విరిగిపోతాయి.

---

నమూనా_లెక్క

శాంపిల్ ప్రశ్నకు నేను చెబుతాను. జిల్లా అంకె అనే మాట తేలిగ్గా నోటికొస్తుంది, ఖర్చు కాగితం మీద పెడితేగానీ తెలియదు.

ఒక సూచిక 20 శాతం దగ్గర ఉందనుకోండి. 95 శాతం నమ్మకంతో, అటూ ఇటూ 3 శాతం పాయింట్ల హద్దులో తెలియాలి. సాదా యాదృచ్ఛిక శాంపిల్ అయితే 1.96 వర్గం ఇంటూ 0.2 ఇంటూ 0.8, దాన్ని 0.03 వర్గంతో భాగిస్తే 683 ఇళ్లు. కానీ సర్వే క్లస్టర్లలో, అంటే ఎంచుకున్న కొన్ని ఇళ్ల గుంపుల్లో, జరుగుతుంది, పక్కపక్క ఇళ్లు ఒకేలా ఉంటాయి. క్లస్టర్‌కు 22 ఇళ్లు, ఇళ్ల మధ్య పోలిక 0.05 అనుకుంటే డిజైన్ ఎఫెక్ట్ (గుంపులుగా ఎంచినందుకు శాంపిల్ ఎన్ని రెట్లు కావాలో చెప్పే అంకె) 1 + 21 × 0.05, సుమారు 2. అంటే 1,366 ఇళ్లు. పదోవంతు ఇళ్లు తాళం వేసి ఉండటమో జవాబు ఇవ్వకపోవడమో జరిగితే 1,518. ఇది ఒక్క జిల్లాకు, 69 క్లస్టర్లు.

20 జిల్లాలకు 30,360 ఇళ్లు, 1,380 క్లస్టర్లు. ఒక బృందం క్లస్టర్‌కు 3 రోజులు తీసుకుంటే 4,140 బృంద దినాలు, 20 బృందాలు తిరిగినా 207 పని దినాలు. పైగా ప్రతి క్లస్టర్‌లో ముందు ఇళ్ల జాబితా కొత్తగా రాసుకోవాలి. పదేళ్ల నాటి జనగణన బ్లాకుల్లో కొన్ని ఖాళీ అయ్యుంటాయి, నగరం అంచున ఉన్నవి మూడింతలై ఉంటాయి. పాత జాబితా నుంచే ఇళ్లు ఎంచితే కొత్తగా వలస వచ్చినవాళ్లు, అంటే ఎక్కువగా పేదలు, సర్వేలోకే రారు.

ఇంత చేశాక కూడా రెండు విషయాల్లో నిరాశ తప్పదు. రెండు సర్వేల మధ్య తేడాను అదే 3 పాయింట్ల హద్దుతో చెప్పాలంటే ఒక్కో విడత శాంపిల్ రెట్టింపు కావాలి, ఎందుకంటే రెండు విడతల పొరపాట్లూ కలుస్తాయి. రెండోది, టార్గెట్ 17.18 ఆదాయం, లింగం, వయసు, జాతి, వలస, వైకల్యం, ప్రాంతం వారీగా విడదీయమంటుంది. 20 జిల్లాలు, యజమాని ఆడా మగా, ఐదు ఆదాయ వర్గాలు పెట్టుకుంటే 200 గడులు. జవాబిచ్చిన 27,320 ఇళ్లను అందులో పరిస్తే గడికి 137. డిజైన్ ఎఫెక్ట్‌ను పక్కన పెట్టినా హద్దు 6.7 పాయింట్లు. ఆ పట్టికను చూసి ఏ జిల్లాకూ ర్యాంకు ఇవ్వకూడదు.

ఐదేళ్లలోపు పిల్లల మరణాలను కొలవడం ఇంకా కష్టం. జిల్లాలో ఐదేళ్లలో 1,000 కాన్పులు సర్వేలో దొరికి, వెయ్యికి 40 మంది పిల్లలు ఐదేళ్లలోపే చనిపోయారని తేలిందనుకోండి. డిజైన్ ఎఫెక్ట్ 1.5 అయితే నిజమైన రేటు 25కూ 55కూ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. 2030 టార్గెట్ 25. ఆ జిల్లా టార్గెట్ చేరిందో, దానికి రెండింతల దూరంలో ఉందో ఆ సర్వే చెప్పలేదు.

చిన్న ప్రాంతాల అంచనా పద్ధతి, ముఖ్యంగా 1979 నాటి ఫే-హెరియట్ మోడల్, కొంత ఆదుకుంటుంది. జిల్లా సర్వే అంకెను, జనగణన లేదా ఉపగ్రహ చిత్రాల నుంచి వచ్చిన సమాచారంతో కట్టిన అంచనాను కలుపుతుంది. సర్వే అంకె ఎంత వణికితే మోడల్‌కు అంత బరువు ఇస్తుంది. పేదరికం పటం గీయడానికి బాగుంటుంది. ఏటా మార్పు చూడటానికి మాత్రం వాడొద్దు. ఒక జిల్లాలో వరద వచ్చి పరిస్థితి కూలిపోయినా మోడల్ దాన్ని అలాంటి మిగతా జిల్లాల దారిలోకే లాగుతుంది.

---

సూచికల_పట్టిక

వివరంగా చెప్పారు, ధన్యవాదాలు. మరైతే జిల్లాకు రికార్డులే దిక్కా? అక్కడ టీకాల కవరేజీ 110 శాతం అని వచ్చే జిల్లాలుంటాయి. అలాంటి అంకెను ఎవరు నమ్ముతారు?

---

హారం_ముఖ్యం

110 వచ్చిందని రిజిస్టర్‌ను పారేయకండి. ఆ తప్పు చాలాసార్లు లవంలో ఉండదు, హారంలో ఉంటుంది. పాత జనగణన నుంచి ముందుకు లాగిన అంచనా ప్రకారం జిల్లాలో 9,000 మంది పసిపిల్లలు ఉండాలి, టీకా వేసింది 9,900 మందికి. వలసతో జనం పెరిగి ఉండవచ్చు, పక్క జిల్లా పిల్లలు ఈ ఆస్పత్రికి వస్తుండవచ్చు. కొందరు 110ని 100కు కోసేసి ప్రచురిస్తారు. అది ఇంకా ప్రమాదం, లోపం కనబడకుండా పోతుంది.

మూడు పరీక్షలు వరసగా చేయండి. ఒకటి, నివేదికలు పూర్తిగా వచ్చాయా: 50 కేంద్రాల్లో ఈ నెల 38 మాత్రమే పంపితే కవరేజీ పడిపోయినట్టు కనిపిస్తుంది గానీ పడిపోయింది నివేదికలు. డీహెచ్‌ఐఎస్2 (ఆరోగ్య కేంద్రాల నివేదికలను సేకరించే సాఫ్ట్‌వేర్) వాడే దేశాల్లో ఈ శాతం అందులోనే కనిపిస్తుంది, కవరేజీ పక్కనే దాన్నీ అచ్చువేయాలి. ఖాళీ గడి, సున్నా ఒకటి కావని కేంద్రాల సిబ్బందికి గట్టిగా చెప్పాలి. రెండు, లోపలి పొంతన: ఒకే టీకా మూడో డోసు మొదటి డోసు కంటే ఎక్కువైతే ఎంట్రీలో తప్పుంది. మూడు, పునఃలెక్కింపు: పాతిక ముప్పై కేంద్రాలను యాదృచ్ఛికంగా ఎంచి, రిజిస్టర్‌లోని పేర్లను చేత్తో లెక్కపెట్టి, పంపిన నెల నివేదికతో పోల్చండి.

హారం విషయంలో తక్షణ ఉపాయం ఒకటుంది. జనాభా అంచనాకు బదులు మొదటి డోసు తీసుకున్నవాళ్లను హారంగా పెట్టి, మూడో డోసుకు రానివాళ్ల శాతం లెక్కించండి. జనాభా ఎంతో తెలియకపోయినా మధ్యలో మానేసేవాళ్లు ఏ జిల్లాలో ఎక్కువో తెలుస్తుంది. మొదటి డోసుకే రాని పిల్లలు అందులో కనిపించరు, వాళ్లను సర్వేయే పట్టుకోవాలి. శాశ్వత మందు జనన నమోదే. ఆస్పత్రిలో కాన్పు అయినప్పుడే నమోదు జరిగిపోతే ఏటా కొత్త హారం ఉచితంగా వస్తుంది.

---

క్షేత్ర_పరిశీలన

పైవాళ్లంతా శాంపిల్ పొరపాటు, హారం గురించి చెప్పారు. ప్రశ్న అడిగేచోట జరిగే తప్పును ఏ ఫార్ములా చూపించదు.

ఆరోగ్య ప్రశ్నల విభాగం ఐదేళ్లలోపు పిల్లలకే ఉంటుంది, పొడవుగా ఉంటుంది. అలసిన ఎన్యూమరేటర్ (ఇంటింటికీ వెళ్లి ప్రశ్నలు అడిగే వ్యక్తి) నాలుగేళ్ల తొమ్మిది నెలల పిల్లాడిని ఐదు దాటాడని రాస్తే అరగంట మిగులుతుంది. చనిపోయిన పిల్లలను ఇలా అవతలికి నెట్టడం ఇంకా ఎక్కువ, దాంతో ఇటీవలి మరణాల రేటు తగ్గినట్టు కనిపిస్తుంది. పట్టుకోవడం సులువు: సరిహద్దు సంవత్సరంలో పుట్టినవాళ్ల సంఖ్యను రెట్టింపు చేసి, ముందు వెనక సంవత్సరాల మొత్తంతో భాగించి, 100తో గుణించండి. మామూలుగా 100 చుట్టూ ఉంటుంది. సరిహద్దుకు ఇవతలి ఏడాదికి 80, అవతలి ఏడాదికి 120 వస్తే నెట్టేశారన్నమాటే. సర్వే అయ్యాక చూసి లాభం లేదు. మొదటి రెండు వారాల్లోనే బృందాల వారీగా ఈ పట్టిక తీసి, తేడా కనిపించిన బృందాన్ని వెనక్కి పిలిచి మళ్లీ శిక్షణ ఇవ్వాలి.

వైకల్యం ఇంకో చోటు. "మీ ఇంట్లో వికలాంగులు ఉన్నారా" అని అడిగితే సగం ఇళ్లలో దాచేస్తారు, మిగతావాళ్లు వృద్ధుల చూపు మందగించడాన్ని వైకల్యమే అనుకోరు. వైకల్య గణాంకాల మీద పనిచేసే వాషింగ్టన్ గ్రూప్ ఆరు ప్రశ్నలు ఆ మాటే ఎత్తవు: చూడటం, వినడం, నడవడం, గుర్తుంచుకోవడం, సొంత పనులు చేసుకోవడం, మాట అర్థమయ్యేలా చెప్పడం. ఒక్కోదానికి నాలుగు జవాబులు. ఒక్క దాంట్లోనైనా "చాలా కష్టం" లేదా "అసలు చేయలేను" అంటే లెక్కలోకి వస్తారు. ఆరు ప్రశ్నలకు రెండు నిమిషాలు పట్టదు, దాదాపు ప్రతి సూచికనూ ఆ కోణంలో విడదీసే వీలు దొరుకుతుంది. పిల్లలకు వేరే మాడ్యూల్ ఉంది, ఈ ఆరింటితో సరిపెట్టకండి.

తాగునీటి సూచిక 6.1.1 చూస్తే జాతీయ అంకెకూ అంతర్జాతీయ అంకెకూ తేడా ఎందుకొస్తుందో అర్థమవుతుంది. సురక్షిత నిర్వహణ అనాలంటే నీరు ఇంటి ఆవరణలోనే ఉండాలి, అవసరమైనప్పుడు రావాలి, కలుషితం కాకూడదు. 70 శాతం ఇళ్లకు కొళాయి ఉండి, 55 శాతానికి కావలసినప్పుడు నీరొచ్చి, 40 శాతం నమూనాల్లో మాత్రమే ఈ-కొలి (మలం కలిసిందని చూపే బ్యాక్టీరియా) లేకపోతే, డబ్ల్యూహెచ్‌ఓ, యునిసెఫ్‌ల ఉమ్మడి కార్యక్రమం వీటిలో కనిష్ఠమైన 40నే తీసుకుంటుంది. మంత్రిత్వ శాఖ 70 చెబుతుంది. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు, కానీ పైపులు వేయాలా, నీటిని శుద్ధి చేయాలా అన్న నిర్ణయానికి మూడు అంకెలూ విడివిడిగా కావాలి. సర్వేలో ఇళ్లలో కొన్నింట్లో 100 మిల్లీలీటర్ల నీరు తీసి పరీక్షించే ఏర్పాటు చేస్తే ఆ మూడో అంకె వస్తుంది.

---

పునాది_గణన

నీటి ఉదాహరణకు ఒకటి జోడిస్తాను. పిల్లల మరణాల రేటులో కూడా ఐరాస బృందం ఒక్క సర్వేను కాక దొరికిన అన్ని ఆధారాల మీదుగా గీత గీస్తుంది, కాబట్టి తాజా సర్వే అంకెకు అది సరిగ్గా సరిపోదు. ప్రచురణకు ముందు సంబంధిత అంతర్జాతీయ సంస్థ దేశానికి ముసాయిదా పంపుతుంది. జవాబివ్వాల్సింది అప్పుడే, నిర్వచనం, శాంపిల్, పద్ధతి రాసిన పత్రంతో సహా. ఒక్క అధికారికి ఆ బాధ్యత అప్పగించకపోతే ఆ ఈమెయిల్ ఏదో శాఖలో ఆగిపోతుంది.

విడుదల తేదీల క్యాలెండర్‌ను ఏడాది ముందే ప్రకటించండి. అంకె బాగాలేనప్పుడు ఆపమనే ఒత్తిడికి అదే మంచి అడ్డు. 1994లో ఐరాస గణాంక కమిషన్, 2014లో ఐరాస సర్వప్రతినిధి సభ ఆమోదించిన అధికారిక గణాంకాల పది మౌలిక సూత్రాలను గణాంక చట్టంలో చేర్చారా లేదా అన్నది 17.18.2 సూచికే.

ఇక నిర్వచనాలు మారడం. 2013లో 19వ అంతర్జాతీయ కార్మిక గణాంకవేత్తల సమావేశం ఉపాధి నిర్వచనాన్ని కుదించింది. ప్రధానంగా ఇంటి తిండి కోసమే పండించుకునేవాళ్లు ఇప్పుడు ఉపాధిలో ఉన్నట్టు కాదు, వాళ్ల పని వేరే ఖాతాలోకి వెళ్తుంది. సొంత సాగు ఎక్కువగా ఉన్న దేశంలో ఉపాధి రేటు ఒక్కసారిగా పడిపోతుంది, నిరుద్యోగ రేటు (8.5.2) కదిలిపోతుంది. కొత్త నిర్వచనానికి మారే సర్వేలో "పండించిన దాంట్లో అమ్మకానికి ఎక్కువా, ఇంటికి ఎక్కువా" అన్న ప్రశ్న తప్పకుండా పెట్టండి. అది ఉంటే అదే డేటాతో పాత అంకె, కొత్త అంకె రెండూ తీయవచ్చు. కనీసం ఒక ఏడాది రెండింటినీ పక్కపక్కనే ప్రచురించి, పట్టికలో ఆ ఏడాది దగ్గర అడ్డగీత గీయండి. ఆ ప్రశ్న లేకుండా ఒక్కసారి మారిపోతే, పాత శ్రేణిని ఆ తర్వాత ఎవరూ అతికించలేరు.