అప్‌డేట్: డయాలసిస్ చేయించుకుంటూ పిల్లలకు క్రిస్మస్ కానుకలు

వారానికి 3 సార్లు, ఒక్కోసారి 4 గంటల చొప్పున డయాలసిస్ చేయించుకుంటున్న నేను, గుంటూరులో మా ఇంటి దగ్గరి అనాథాశ్రమం పిల్లలకు ఏటా ఇచ్చే క్రిస్మస్ కానుకలను ఈసారి ఎలా అందించగలనని నవంబరులో మిమ్మల్ని అడిగాను.

కొనే ముందు ఆశ్రమాన్నే అడగమన్న మీ సలహా ఎంతో మేలు చేసింది. బొమ్మలూ కేకులూ పండుగకు చాలామంది తెస్తారని, అసలు కొరత చెప్పులకూ దుప్పట్లకూ అని వార్డెన్ గారు చెప్పారు. మరునాడే 22 మంది పిల్లల పాదాలను పాత న్యూస్‌పేపర్ల మీద పెన్సిల్‌తో గీయించి, పేర్లు రాయించి పంపించారు. అన్నిటికంటే చిన్న పాదం నా అరచేతిలో ఇమిడిపోయింది. దాన్ని చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలను కలిపి చేసిన ఫిస్టులా ఉన్న ఎడమ చేత్తో బరువులు ఎత్తకూడదు కాబట్టి, డయాలసిస్ లేని రోజున తమ్ముణ్ణి తోడు తీసుకుని విజయవాడ వన్‌టౌన్‌లోని వస్త్రలత బట్టల మార్కెట్‌కు వెళ్లి దుప్పట్లు తెచ్చాను. చెప్పులను మాత్రం గుంటూరులోనే, ఆ కాగితాలను కత్తిరించి ఒక్కొక్క జతలో పెట్టి చూసి కొన్నాం. నా డయాలసిస్ రాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్య పథకమైన ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఉచితంగా జరుగుతున్నందువల్లనే ఈ ఖర్చు భరించగలిగాను.

డయాలసిస్ అయిన రోజు నీరసంగా ఉంటుంది కనుక, 24న కాకుండా 23నే ఇచ్చి వచ్చాను. ఫొటోలు తీయలేదు, తీసుకునేటప్పుడు పిల్లలు తల దించుకోవడం నాకు ఇష్టం లేదు. చిన్నపాప కుడి ఎడమలు మార్చి తొడుక్కున్న చెప్పులను ఎవరినీ సరిచేయనివ్వలేదు. ఒక బాబుకు జత బిగుతుగా ఉంది. దానిని తమ్ముడు శనివారం మార్చి తెస్తాడు.