సబ్‌మెరైన్ కేబుల్‌ని "జలాంతర్గామి కేబుల్" అనొచ్చా?

దిల్‌సుఖ్‌నగర్ అనువాదకురాలు:
అందరికీ నమస్తే. ఇంట్లో ఉండి అనువాదాలు చేస్తుంటాను, ఎక్కువగా కస్టమర్లకు పంపే నోటీసులు. పోయిన వారం ఒక ఇంటర్నెట్ కంపెనీది వచ్చింది. సముద్రంలో సబ్‌మెరైన్ కేబుల్ తెగింది, అందుకే స్పీడ్ తగ్గింది, ఇదీ విషయం. రాత్రి పదకొండింటికల్లా ఇచ్చేయాలి, ఆ టెన్షన్‌లో "జలాంతర్గామి కేబుల్ తెగినందున" అని రాసి పంపేశాను. రెండ్రోజులకి మా మామయ్యగారి ఫోన్‌కే ఆ మెసేజ్ వచ్చింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, "ఎవరి సబ్‌మెరైనమ్మా, మన నేవీదేనా, లోపలున్నవాళ్లు బాగానే ఉన్నారా?" అని నిజంగానే కంగారుపడ్డారు. అప్పట్నుంచీ మనసు బాగాలేదు. ఇంగ్లీషులో ఓడకీ, కేబుల్‌కీ, సముద్రం కింద ఉండే లోయకీ ఒకటే మాట వాడుతున్నారు కదా, మరి మనకి ఒక్క మాట సరిపోదా? ఇంకేమైనా పర్యాయపదాలు ఉన్నాయా?

తార్నాక తెలుగు మాస్టారు:
మీ మామయ్యగారు సరిగ్గానే చదివారమ్మా. తప్పంతా ఆ "గామి"లో ఉంది. జలం, అంతర్, గామి: నీటి లోపల వెళ్లేది. పురోగామి ముందుకు వెళ్లేవాడు, తిరోగామి వెనక్కి వెళ్లేవాడు. గామి అన్నాక కదలాలి. కేబుల్ వేసిన చోటే పడి ఉంటుంది, లోయ అసలే కదలదు, కాబట్టి వాటికి ఆ మాట అతకదు. ఇంగ్లీషు మాటలో ఈ కదలిక లేదు. లాటిన్‌లో సబ్ అంటే కింద, మరే అంటే సముద్రం, "సముద్రం కింద ఉన్న" అనే విశేషణంగానే అది ముందు పుట్టింది, ఓడకి పేరవడం తర్వాతి సంగతి. మన మాట మొదట్నుంచీ ఓడ కోసమే తయారైంది. చేప కూడా నీటి లోపలే వెళ్తుంది కదా అంటే, వెళ్తుంది, కానీ వాడుక ఓడ దగ్గర స్థిరపడింది. ఖగం అంటే ఆకాశంలో వెళ్లేది, అయినా విమానాన్ని ఎవరూ ఖగం అనరు.

కదలనివాటికి "సముద్రగర్భ" అని చేర్చండి: సముద్రగర్భ కేబుల్, సముద్రగర్భ లోయ, సముద్రగర్భ అగ్నిపర్వతం. అంతర్వాహిని అని మాత్రం వాడొద్దు, అది భూమి లోపల పారే నదికి, సరస్వతికి చెప్పే మాట. అచ్చతెలుగులో "మునుగు ఓడ" అందామని మా స్టాఫ్‌రూంలో ఒకసారి వాదన నడిచింది. నేను ఒప్పుకోలేదు. మనకి మునగడమంటే నష్టమే, కొంప మునిగింది అంటాం, పైగా కలిపి పలికితే నల్గొండ జిల్లా మునుగోడు వినపడుతుంది.

పాతబస్తీ కుర్రాడు:
అక్కా, మా ఇంటికొచ్చే ఉర్దూ పేపర్లో సబ్‌మెరైన్‌ని ఆబ్‌దోజ్ అని రాస్తారు. ఆబ్ అంటే నీళ్లు, మన ఆబ్కారీ శాఖలో ఉన్నది అదే. దోజ్ అంటే కుట్టేది, గుచ్చేది. మా అమ్మ జర్దోజీ పని చేస్తుంది, జర్ అంటే బంగారం, బంగారు తీగతో కుట్టే పని అన్నమాట. చిన్నప్పట్నుంచీ చూస్తున్నా, చెక్క ఫ్రేముకి బిగించిన గుడ్డలోకి సూది దిగి కనపడకుండా పోతుంది, మళ్లీ ఇంకోచోట పైకొస్తుంది. సబ్‌మెరైన్ నీళ్లలో చేసేదీ అదే కదా. నాకైతే జలాంతర్గామి కంటే ఈ మాటే అందంగా అనిపిస్తుంది. హిందీ పన్‌డుబ్బీలో ఉన్నది నీళ్లలో మునగడం ఒక్కటే, తేలడం లేదు.

వైజాగ్ నుంచి మియాపూర్‌కి:
మా ఊళ్లో అందరం సబ్‌మెరైన్ అనే అంటాం, జలాంతర్గామి పేపర్లోనే కనిపిస్తుంది. బీచ్ రోడ్డులో ఉన్న కురుసుర సబ్‌మెరైన్ 1969లో నేవీలో చేరింది, 2001లో రిటైరయ్యింది, 2002 నుంచి మ్యూజియం. 91 మీటర్ల పొడవుంటుంది గానీ లోపల ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లాలంటే గుండ్రటి కంతలోంచి ముందు కాలు పెట్టి, తల వంచి దూరాలి. ఒక్కసారి దూరి చూస్తే మాటలు జాగ్రత్తగా వాడాలనిపిస్తుంది. అందుకే రెండు సంగతులు చెప్తాను.

2023లో టైటానిక్ చూడ్డానికి వెళ్లి నీటి ఒత్తిడికి నలిగిపోయిన టైటాన్‌ని వార్తల్లో మినీ జలాంతర్గామి అన్నారు. అది సబ్‌మెర్సిబుల్. దింపడానికీ తియ్యడానికీ పైన తల్లి ఓడ ఉండాల్సిందే. సబ్‌మెరైన్ రేవులోంచి తనంతట తనే బయల్దేరి, తనే తిరిగొస్తుంది. మనవాళ్లు ముగ్గురిని 6,000 మీటర్ల లోతుకి పంపాలని తయారుచేస్తున్న మత్స్య 6000 కూడా సబ్‌మెర్సిబులే.

రెండోది "అణు జలాంతర్గామి". అణుశక్తితో నడిచేదా, అణ్వాయుధాలు మోసేదా? రెండూ వేరు. 2016లో నేవీలో చేరిన అరిహంత్ రెండూ చేస్తుంది కాబట్టి దానికి ఎలా అన్నా చెల్లుతుంది, కానీ అణుశక్తితో నడుస్తూ మామూలు టార్పెడోలు, క్షిపణులే మోసేవీ ఉన్నాయి. అక్కడ "అణుశక్తితో నడిచే" అని పూర్తిగా రాయాలి, లేకపోతే చదివేవాళ్లు బాంబులనుకుంటారు.

ఇంకోటి, సబ్‌మెరైన్‌లో పనిచేసేవాళ్లు దాన్ని షిప్ అనరు, బోట్ అంటారు. బేకరీలో అమ్మే సబ్ శాండ్‌విచ్ అంటారా, పొడుగ్గా ఆ ఆకారంలో ఉంటుందని ఆ పేరు, దానికి తెలుగు వెతక్కండి.

దిల్‌సుఖ్‌నగర్ అనువాదకురాలు:
అందరికీ చాలా థ్యాంక్స్. మాస్టారూ, కదలనిది గామి కాదు అన్న మాట ఇక మర్చిపోను. కంపెనీకి సవరణ పంపాను: "సముద్రం అడుగున వేసిన కేబుల్ తెగినందున ఇంటర్నెట్ నెమ్మదిగా ఉంటుంది." సముద్రగర్భ అని కూడా రాసి చూశాను గానీ ఫోన్‌లో చదివే పెద్దవాళ్లకి "అడుగున వేసిన" అంటే వెంటనే కళ్లముందు కనపడుతుందనిపించింది. తమ్ముడూ, ఉర్దూలో ఈ కేబుల్‌ని కూడా ఆబ్‌దోజ్ అనే రాస్తారా?

పాతబస్తీ కుర్రాడు:
లేదక్కా. జేర్-ఎ-సమందర్ కేబుల్ అని రాస్తారు. జేర్ అంటే కింద, అంతే.