పోర్టికోలో కారు ప్రతిసారీ ఒకేచోట ఆగాలంటే: స్టాపరా, వేలాడే బంతా, అద్దాలు చాలా?

గచ్చునేల:
పోర్టికో వెనక గోడ నుంచి గేటు దాకా 16 అడుగులు. వెడల్పు 10 అడుగులు, అందులో డ్రైవర్ వైపు 2 అడుగుల అరుగు, ఎడమవైపు కాంపౌండ్ గోడ. కారు క్రెటా: పొడవు 4330 మి.మీ., వెడల్పు 1790. స్లైడింగ్ గేటు. రివర్స్‌లో లోపలికి పెడతాం, నడిపేవాళ్ళు ముగ్గురు. గేటు నుంచి అడుగున్నర లోపల, ఎడమ గోడ వారగా రెండడుగుల చదరం సంపు మూత. వెనక గోడకి కరెంటు మీటరు, మెయిన్ స్విచ్. ఎవరు పెట్టినా ఒకేచోట ఆగే తేలిక మార్గం కావాలి.

టేపుకొలత:
రబ్బరు స్టాపర్లు రెండు, ఒక్కో వెనక చక్రానికి ఒకటి. 10 సెం.మీ. ఎత్తున్నవి తీసుకోండి. ముందు కారుని మీకు కావలసిన చోట నిలబెట్టి, టైరుకి ఆనేలా స్టాపర్ని జరిపి సుద్దతో గీయండి. చాలామంది టైరు నేలని తాకే చోట గీత గీసి అక్కడ బిగిస్తారు. అది తప్పు. టైరు గుండ్రం కదా, 33 సెం.మీ. వ్యాసార్థం ఉన్న చక్రం 10 సెం.మీ. దిమ్మె పై అంచుకి ఆనేసరికి చక్రం మధ్యకీ దిమ్మెకీ 24 సెం.మీ. దాకా ఎడం ఉంటుంది. ఆ మేరకు కారు ముందే ఆగిపోతుంది, మీ గేటు పడదు.
పార్కింగ్ టైల్స్ మీద బిగిస్తుంటే టైలు దాటేదాకా డ్రిల్లు హ్యామర్ మోడ్‌లో పెట్టకండి, పగులుతుంది. కింద కాంక్రీటు తగిలాక హ్యామర్, తర్వాత యాంకర్ బోల్టులు. మీకు సంపు ఉంది కాబట్టి దాని పైకప్పు ఎక్కడిదాకా వచ్చిందో తెలుసుకుని, దాని మీద మాత్రం బెజ్జం వేయకండి.

వేపచెట్టు:
శ్లాబు కొక్కేనికి దారం కట్టి టెన్నిస్ బంతి వేలాడదీయండి. వెనక అద్దానికి తగిలితే ఆగడమే. ఖర్చు లేదు.

స్టీరింగ్32:
బంతి మూసిన గ్యారేజీకి సరిపోతుంది. తెరిచిన పోర్టికోలో గాలికి ఊగుతుంది. పైగా వెనక అద్దం వాలుగా ఉంటుంది, దారం నాలుగు వేళ్ళు సాగితే ఆగే చోటు మారిపోతుంది.
స్టాపర్ వెనక్కి ఎంత అన్నదే చెబుతుంది. కారు వంకరగా వచ్చిందా, గోడకి ఎంత దగ్గరగా వచ్చిందా అన్నది చెప్పదు. మీకు పక్కలకి మిగిలేది 64 సెం.మీ. మాత్రమే. అద్దాలు రెండూ కాస్త కిందికి వంచి వెనక చక్రాలు కనిపించేలా పెట్టుకుని, క్లచ్ మీదో బ్రేకు మీదో నడక వేగంతో రావడం నేర్పండి. ముగ్గురికీ వారం చాలు. నేలలో బోల్టులు దించే పనే లేదు.

టేపుకొలత:
64 సెం.మీ.ని పంచి చూడండి. డ్రైవర్ తలుపు తీసుకుని దిగాలంటే అరుగు వైపు 50 కావాలి. ఎడమకి మిగిలేది 14. బయటికి చాపిన అద్దం అందులో పట్టదు, మడవాలి. మడిచాక ఎడమ చక్రం ఎలా కనిపిస్తుంది? మీ పద్ధతి అక్కడే ఆగిపోయింది.
దానికి దారి వేరే. కుడి అద్దం ఒక్కటే చూస్తూ రావాలి. కారు సరైన చోట ఉన్నప్పుడు కుడి వెనక టైరు నుంచి 10 సెం.మీ. బయటికి నేల మీద పసుపు గీత, గేటు నుంచి వెనక గోడ దాకా. టైరుకీ గీతకీ మధ్య సందు మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉంటే కారు నిటారుగా వచ్చినట్టే. ముందు కొసన పెరిగి వెనక తరిగితే కారు కోణంలో ఉంది, ముందుకి తీసి మళ్ళీ రావాలి. గీత కనీసం మూడంగుళాల వెడల్పుండాలి, రాత్రి పూట అద్దంలో సన్న గీత కనబడదు.

కొత్తసభ్యుడు_7:
రివర్స్ సెన్సర్లు ఉన్నాయిగా? 2019 జులై నుంచి ప్రతి కొత్త కారుకీ తప్పనిసరి.

స్టీరింగ్32:
సెన్సర్ దాదాపు 30 సెం.మీ. దగ్గర నుంచే ఆగకుండా మోగుతుంది. ఆ తర్వాత 25 అయినా 5 అయినా ఒకే మోత. బంపర్ ఎత్తులో ఉన్నదే దానికి కనబడుతుంది, పైన పొడుచుకొచ్చిన కిటికీ పెట్టె గ్రిల్, మీటరు బాక్సు కనబడవు.
పసుపు గీత మంచిదే, ఒప్పుకుంటాను. కానీ గీత చూడటమంటే అద్దం చూడటమే కదా! ఇక ఆ 24 సెం.మీ. లెక్క నిలువు ముఖం ఉన్న దిమ్మెకే. మార్కెట్లో దొరికే స్టాపర్లకి ముఖం వాలుగా ఉంటుంది, కింది అంచు నుంచి కొలిస్తే అంత రాదు.

టేపుకొలత:
అందుకే కదా లెక్క వేయమనలేదు, దిమ్మెని టైరుకి ఆనించి గీయమన్నాను. మొదటి వాక్యం వదిలేసి రెండోది పట్టుకుంటారేం?

స్టీరింగ్32:
24 అని రాసింది మీరే. అది చూసి ఎవరైనా టేపు పట్టుకుని బిగిస్తే బాధ్యత ఎవరిది? ఇంకో మాట. స్టాపర్ బ్రేకు కాదు. ఆటోమేటిక్ కారులో కంగారుగా యాక్సిలరేటర్ తొక్కితే 10 సెం.మీ. దిమ్మె ఎక్కి గోడని కొడుతుంది. చక్రం తగిలేదాకా పోవచ్చు అన్న అలవాటు నేర్పడమే ప్రమాదం.

టేపుకొలత:
మీకు అద్దాలు చూడటం వచ్చు కాబట్టి ఇంట్లో అందరికీ వచ్చి తీరాలా? రానివాళ్ళు కారు ముట్టుకోకూడదా? ఇక్కడ ఏ ప్రశ్న వచ్చినా మీ సమాధానం ఒకటే, "నేర్చుకోండి" అని. రాత్రి పదకొండింటికి వానలో గేటు తీసి కారు పెట్టే మనిషికి నేల మీద ఏదో ఒకటి తగలాలి.

వేపచెట్టు:
ఇద్దరూ కాస్త నిదానించండి. అసలు కారు ఎక్కడ ఆగాలో ఇంకా ఎవరూ చెప్పలేదు.

స్టీరింగ్32:
నా అభ్యంతరం అక్కడే. 16 అడుగులంటే 4877 మి.మీ. కారు పోగా మిగిలేది 54 సెం.మీ. స్టాపర్ పెట్టేవాళ్ళు వెనక 15 వదిలి మిగతాదంతా ముందుకి ఇస్తారు, గేటు ధీమాగా పడుతుందని. మరి ఆ 15 సెం.మీ. సందులో దూరి మెయిన్ ఎవరు కట్టేస్తారు? షార్ట్ సర్క్యూట్ అయిన రోజు కారు తాళం చెవి వెతుక్కోవాలా? ఆ 54లో ముందు మనిషికి ఎంత కావాలో చూడండి, కారుకి మిగిలింది ఇవ్వండి. బోల్టు దిగిపోయాక ఆ మాట ఎవరూ మాట్లాడరు.

టేపుకొలత:
ఇది మొదటే అనుంటే ఇంత రాసేవాళ్ళం కాదు. కానీ 15 అన్నది గేటు కోసం కాదు, సంపు మూత కోసం. క్రెటా వీల్‌బేస్ (ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి దూరం) 2610 మి.మీ. మిగిలిన 1720 ముందూ వెనకా పంచుకుంటే ముందు చక్రం మధ్య నుంచి బంపర్ కొసకి ఇంచుమించు 85 సెం.మీ. వస్తుంది. ముందు 39 వదిలితే చక్రం గేటుకి 124 సెం.మీ. దూరాన, మూత (46 నుంచి 107 దాకా) దాటి నిలుస్తుంది. మీరన్నట్టు మనిషికి చోటిచ్చి వెనక 44, ముందు 10 వదిలితే చక్రం 95 దగ్గర, మూత మీదే నిలుస్తుంది. పల్చటి రేకు మూతయితే వంగుతుంది, సిమెంటు మూతయితే పగిలి చక్రం సంపులోకి దిగుతుంది.

స్టీరింగ్32:
అయితే మార్చాల్సింది మూత. పోత ఇనుము మూతలకి భారతీయ ప్రమాణం ఐఎస్ 1726లో తరగతులున్నాయి: ఎల్‌డీ (లైట్ డ్యూటీ) 2.5, ఎండీ (మీడియం) 10, హెచ్‌డీ (హెవీ) 20, అంకె టన్నుల్లో. కారు కింద ఎండీ 10 ఫ్రేముతో సహా వేయించండి. ఫ్రేము కింద నాలుగు వైపులా కాంక్రీటు నిండుగా ఉండాలి, ఒక మూల బోలుగా ఉంటే చక్రం ఎక్కినప్పుడల్లా టకటకమని ఊగి చివరికి విరుగుతుంది.

గచ్చునేల:
ఇప్పుడే టేపు పెట్టి చూశాం. ముందు చక్రం మధ్య నుంచి బంపర్‌కి మీరన్నంతే ఉంది. మీటరు దగ్గరికి అమ్మే వెళ్తుంది, కాబట్టి వెనక 44 ఖాయం. మూత మార్పించి, సిమెంటు ఆరాక గీతా స్టాపరూ వేయిస్తాం. అప్పటిదాకా కారు మూత మీద ఆగకుండా వెనక గోడకి దగ్గరగానే పెడతాం.

టేపుకొలత:
ముందు 10 అన్నది గేటు రేకు నుంచి కొలవకండి. లోపలి వైపు అడ్డ పట్టీ, గడియ ఎంత పొడుచుకొచ్చాయో చూడండి. స్లైడింగ్ గేటు కదిలేటప్పుడు గడియ బంపర్ పొడవునా గీసుకుంటూ పోతుంది. గడియ కొస నుంచి 10 ఉండాలి, ఆ తేడా వెనక 44లోంచి తగ్గించండి.