అప్‌డేట్: మా ఊరి పేపర్ స్పెల్లింగ్ బీ స్పాన్సర్‌షిప్ మానేసింది, పాపకి దారేంటి?

స్క్రిప్స్ స్పెల్లింగ్ బీకి (అమెరికాలో స్కూలు పిల్లలకి జరిగే ఇంగ్లిష్ స్పెల్లింగ్ పోటీ) మా ప్రాంతం నుంచి పిల్లల్ని పంపే పేపర్ తప్పుకుందని, ఏడో గ్రేడ్ చదివే మా అమ్మాయి సంగతేంటని అడిగాను కదా, తేలిపోయింది. "ముందు స్కూల్ ఈ పోటీకి ఎన్‌రోల్ అయిందో లేదో కనుక్కోండి" అన్నవారికి దండం. చిక్కంతా అక్కడే! ఈ ఏడు స్కూల్ వాళ్లు మర్చిపోయారు. లైబ్రేరియన్ గారిని అడిగితే గడువు లోపలే ఎన్‌రోల్‌మెంట్ ఫీజు కట్టించారు. రీజనల్ పోటీ ఇప్పుడు ఓ యూనివర్సిటీ నడుపుతోందట. పేపర్‌కి నేను రాసిన మూడు మెయిళ్లూ దండగే. కోచింగ్ కూడా అక్కర్లేకపోయింది, బీ వాళ్లిచ్చే మాటల జాబితాతోనే స్కూల్ పోటీ గెలిచింది. రీజనల్‌కి మాత్రం 4,000 మాటలున్న పెద్ద జాబితా చదవాలి. 1925లో లూయీవిల్‌లో ఓ పేపరే మొదలెట్టిన పోటీ ఇది, పేపర్లే తప్పుకుంటుంటే కాస్త చివుక్కుమంది. మార్చిలో రీజనల్.